డ్రాగన్ ఎగరగలదా?



ఈమధ్య పిల్లల నోట ‘డ్రాగన్’ అన్న మాట తరచుగా వినబడుతోంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు అపార్టుమెంట్లలోనైతే చెప్పనే అక్కర్లేదు. సినిమాల్లో అదే, ఫోను ఆటల్లో అదే. ఏనుగును మించిన ఒళ్ళు, నాలుగు కాళ్ళు, వీపున రెండు రెక్కలు! “అమ్మా, అది నిజంగా ఎగరగలదా?” అని అడిగితే “పోయి చదువుకో” అని కసురుకుంటాం. ఆడపిల్ల అడిగితే “నీకెందుకే ఇవన్నీ” అని ఇంకో మాట కలుపుతాం. కానీ చూడండి, దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది.

ఒక లడ్డు చుట్టండి. దానికి రెండింతల అడ్డం ఉన్న లడ్డు ఇంకొకటి చుట్టండి. పిండి రెండింతలు చాలుతుందా? చాలదు, ఎనిమిదింతలు కావాలి. పైభాగం మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. జంతువుకైనా ఇదే లెక్క. ఒళ్ళు అన్ని వైపులా రెట్టింపైతే బరువు ఎనిమిదింతలు, దాన్ని మోసే రెక్క వైశాల్యం నాలుగింతలు. అంటే జానెడు రెక్క మీద పడే భారం రెట్టింపన్నమాట.

మన బట్టమేక పిట్టనే తీసుకోండి. నంద్యాల జిల్లా రోళ్ళపాడు అభయారణ్యం దాని కోసం పెట్టిందే. ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవాటిలో అదొకటి. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. దాన్ని అన్ని వైపులా పదింతలు చేశామనుకోండి. బరువు వెయ్యింతలై 15 టన్నులవుతుంది, రెక్కలు వందింతలే అవుతాయి. ఇక నేల విడిచేదెలా?

ఇంకో చిక్కూ ఉంది. పక్షికైనా గబ్బిలానికైనా రెక్కలంటే మారిన చేతులే. నాలుగు కాళ్ళూ ఉండి, పైన రెక్కలు కూడా ఉన్న వెన్నెముక జీవి ఇంతవరకు ఎక్కడా కనబడలేదు.

అయితే అంతా కట్టుకథేనా? అలా కొట్టిపారేయకండి. 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో క్వెట్జల్‌కోట్లస్ అనే ఎగిరే సరీసృపం ఎముకలు దొరికాయి. రెక్కలు చాస్తే ఈ కొసనుంచి ఆ కొసకు సుమారు 10 మీటర్లు! ఎముకలు లోపల డొల్ల. బాగా సాగిన ఉంగరపు వేలే రెక్కకు ఆధారం. బరువు రెండు వందల కిలోలకు కాస్త అటూ ఇటూ ఉండవచ్చని చాలామంది శాస్త్రజ్ఞుల అంచనా. నిజమైన డ్రాగన్ అంటూ ఉంటే అదే మరి.

అంత దూరం పోనక్కర్లేదు. మన ప్రాణహిత–గోదావరి లోయలోని కోట రాళ్ళలోనూ అలాంటి ఎగిరే జీవి ఎముకలు దొరికినట్టు 1974లో ప్రకటించారు. ఆ రాళ్ళలోనే, యామన్‌పల్లి దగ్గర, నేల మీద నడిచిన భారీ డైనోసార్ ఎముకలూ బయటపడ్డాయి. 1988లో దానికి మన ఊళ్ళ పేరుతోనే ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది.

గరుత్మంతుడి కథ చెప్పడం మానమని నేననను. కథ కథే, లెక్క లెక్కే. పిల్లలకు రెండూ కావాలి. ఈసారి సెలవునాడు మాల్‌కు బదులు వాళ్ళను ఆ ఎముకల ముందుకు తీసుకువెళ్ళి, “ఇది ఎందుకు ఎగరలేదో చెప్పు” అని మీరే అడగండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి లెక్క వేయండి. నేను చదివింది మెట్రిక్కే. లడ్డు లెక్కకు అంతకన్నా అక్కర్లేదు. అడిగే నోరు మాత్రం మూయించకండి.