వృద్ధుల స్మృతిభ్రంశము - మన సంఘము చేయదగిన పని
(మూలపేటలో సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



విద్యాభివృద్ధినిగూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మాకు వ్రాసియుండిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పుకొని బ్రతికినవారము గనుక మానుండి యట్టి ప్రసంగమునే కోరుట సహజము. కాని ఆ విషయమును చెప్పుటకు ఈ వేదికమీద మాకంటె యోగ్యులు పలువురు గలరు. ఎవ్వరును నోరు మెదపని విషయమొకటి మన యిండ్ల వెనుకటి గదులలో నున్నది. దానినే నేడు మీ యెదుట నుంచుచున్నాము. కార్యదర్శిగారు క్షమింతురుగాక.

మా పెత్తల్లిగారు మందస ప్రాంతమునుండి ఈ తీరమునకు కోడలై వచ్చినవారు. పుట్టినింట ఒడియా, మెట్టినింట తెలుగు. అక్షరము రాకున్నను జీడిపిక్కల లెక్కలో షావుకార్లు సైత మామెను మోసగింపలేకుండిరి. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట ఆమెకు చిల్లరలెక్క తప్పుట మొదలయ్యెను. ఉప్పు వేసిన కూరలో మరల ఉప్పు వేయుట, అడిగిన మాటనే గడియకొకసారి యడుగుట, సందె వాలగనే మూట గట్టుకొని “ఇంటికి పోయెద” నని బయలుదేరుట. ఇల్లు ఇదియే గదా యన్నచో మా మొగము వింతగ చూచెడివారు. కొందరు చాదస్తమనిరి. కొందరు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. మరి రెండేండ్లకు ఆమె నోట తెలుగు పూర్తిగ నశించి, చిన్ననాటి ఒడియా మాత్రము మిగిలెను. కోడండ్రకు ఆ భాష రాదు. ఆకలియని యడిగినను, కడుపునొప్పియని చెప్పినను వారికి తెలియదు.

మే మేమి చేసితిమో చెప్పుట మా విధి. పండితులమను గర్వముతో ఆమె యెదుట గూర్చుండి, “అమ్మా! మీ తండ్రిగారు గతించి నలుబదియేండ్లైనది, ఎవరింటికి పోయెదరు?” అని సత్యము బోధించితిమి. ఆమె కా మాట ప్రతిదినమును క్రొత్తగనే వినబడెను. ప్రతిదినమును అప్పుడే తండ్రి పోయినట్లు ఏడ్చిరి. కడపట ఆమెచేత నాలుగు ముద్దలు తినిపింపగలిగినది మేము గాము, మా కోడండ్రును గారు. చేపలగంపతో వచ్చు నొక ఒడియా ముసలమ్మ గడపమీద గూర్చుండి ఆమె భాషలో నాలుగు మాటలాడిన పిమ్మటనే ఆమె యన్నము ముట్టెడివారు. ఆ రహస్యము మాకు తెలియుటకు ఆమె పోయిన పిదప చాలకాలము పట్టినది.

ఇది చాదస్తము గాదు, గాలియును గాదు. మెదడునకు వచ్చు రోగము. జర్మనీదేశమున ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి తేబడిన యేబదియొక్కయేండ్ల స్త్రీని పరీక్షించి, 1906లో ఆమె మరణించిన పిమ్మట మెదడును సూక్ష్మదర్శినితో శోధించి, అందలి వికారములను ఆ సంవత్సరమే పండితసభలో ప్రకటించెను. ఆయన పేరనే ఈ జాతి రోగములలో ముఖ్యమైనదానికి అల్జీమర్ వ్యాధి యని వాడుక. మెదడులోని రక్తనాళములు చెడుటచే కలుగునది మరియొకటి. అన్నిటికిని కలిపి డిమెన్షియా యందురు. మేము స్మృతిభ్రంశమనుచున్నాము. ఈ మాట గీతయందు గలదు. అచ్చట దానికి మూలము క్రోధము. ఆ శ్లోకము నెరిగిన పెద్దలు కొందరు ఈ రోగమునుగూడ కోపిష్ఠితనమునకు ఫలమనియో, పూర్వకర్మమనియో వ్యాఖ్యానించుట వింటిమి. గీత చెప్పినది నీతి, ఇది వ్యాధి. రెంటిని కలుపుట శాస్త్రమునకును అపచారము, రోగికిని అపచారము. మన దేశమున అరువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి ఇది గలదని 2023లో ప్రకటింపబడిన సర్వే తెలుపుచున్నది.

ఇక ఈ ప్రాంతమువారు ముఖ్యముగ వినదగిన పరిశోధన యొకటి మన తెలుగునేలమీదనే జరిగినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందు డాక్టరు సువర్ణ అల్లాడిగారు స్మృతిరోగుల చికిత్సాలయమును నడపుచు, అచ్చటికి వచ్చిన 648 మంది రోగుల వివరములను తోడి పండితులతో గూడి పరిశీలించిరి. అందులో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారు. ఒకేభాష వచ్చినవారికంటె వీరికి రోగలక్షణములు సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగ కనబడినవని 2013లో న్యూరాలజీ యను పత్రికయందు ప్రకటించిరి. ఇది చదువుయొక్క ఫలమేమోయని శంక కలుగును. కాని అక్షరము రానివారిలోను ఈ భేదము కనబడినది! మా పెత్తల్లిగారివంటి వారిలోను అన్నమాట. రెండు భాషలకు మించి మూడు, నాలుగు వచ్చినందున అదనపు లాభము కనబడలేదు. ఇతరదేశములలో జరిగిన పరిశోధనలన్నియు ఈ ఫలితమునే యీయలేదు గనుక దీనిని వేదవాక్యముగ గొనుమని మే మనము. రెండు భాషలు రోగమును రాకుండ చేయుననియు ఎవ్వరును చెప్పలేదు. కొంతకాలము వాకిట నిలిపియుంచు నని మాత్రమే. అయినను పలాసనుండి ఇచ్ఛాపురము వరకు సంతలోను, పడవమీదను, పెండ్లిలోను రెండు భాషలు కలిసి బ్రతికిన ఈ ఉద్దానమున, ఒడియా మాటలాడిన పిల్లవానిని చూచి నవ్వు పంతుళ్లను మేమెరుగుదుము. వయసులోనున్నప్పుడు మేమును నవ్వితిమి.

సువర్ణగారి కృషిలో మాకు నచ్చిన భాగము మరియొకటి గలదు. స్మృతిని కొలుచు పరీక్షలు చాలభాగము విదేశములలో చదువుకొన్నవారికై పుట్టినవి. కేంబ్రిడ్జిలో పుట్టిన యట్టి పరీక్షనొకదానిని వారు తెలుగునకు అనువుగ దిద్దిరి. తరువాత భారత వైద్యపరిశోధనా మండలి పూనికతో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళములలో చదువురానివారికిని పనికివచ్చు పరీక్షలు సిద్ధమైనవి. ఆ పనిలోను వారు పాల్గొనిరి. ఇప్పుడు వారు బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థయందున్నారు. పరీక్షను దిద్దుట యేమంత గొప్పయని తలంపకుడు. నేడు తేదీ యెంతయని యడిగిన భావనపాడు వేటవృద్ధుడు చెప్పలేకపోవచ్చును. పోటు ఎప్పుడు వచ్చునో, తిథి యేదో తడుముకొనక చెప్పును. వానికి మతి పోయినదని వ్రాసినచో తప్పు వానిదా, ప్రశ్నదా? ముప్పదియేండ్లు ప్రశ్నపత్రములు కూర్చినవారము గనుక ఈ మాట మాకు గట్టిగ తగిలినది.

మరుపు వచ్చినదెల్ల ఈ రోగముగాదు. థైరాయిడు లోపము, బి-12 లోపము, మనోవ్యాకులత వీనివలన వచ్చిన మరుపు చికిత్సతో తగ్గవచ్చును. మూత్రపిండములు చెడినప్పుడు రక్తమున నిలిచిన మలినములవలనను మనిషి తికమకపడును. ఈ మాట ఉద్దానమున నొక్కి చెప్పవలసియున్నది. ఇక్కడ మూత్రపిండవ్యాధి లేని వీధి యరుదు. రెండు మూడు దినములలోనే హఠాత్తుగ మాట తడబడి మనుష్యుల నెరుగకపోయిన వృద్ధుని “వయసు మీరినది” అని మంచమున పడవేయక వెంటనే వైద్యుని యొద్దకు గొనిపోవలెను. టెక్కలిలో పెద్దాసుపత్రి గలదు. పలాసలో మూత్రపిండవ్యాధులకు 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరులో ఆరంభమైనవి. ఇక రాకముందు జాగ్రత్తలు: రక్తపుపోటు, మధుమేహము, పొగ, మద్యము, వినికిడిలోపము, చూపులోపము, ఒంటరితనము మొదలగు 14 హేతువులను సరిచేసినచో లోకమున నూటికి 45 వంతుల రోగమును ఆపుటయో, ఆలస్యపరచుటయో సాధ్యమని లాన్సెట్ పత్రిక నియమించిన పండితసంఘము 2024లో తెలిపినది. అడ్డపొగ త్రాగు మన ముసలమ్మలు ఈ వాక్యమును విని నవ్వుచున్నారు. నవ్వినను విన్నారు, చాలును.

రోగము ముదిరినవారిని పూర్వస్థితికి దెచ్చు మందు నేటికిని లేదు. కావున మిగిలినది సంరక్షణము. ఆ భార మెవరిమీద నున్నది? కొడుకులు చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో, అండమానునకో, గల్ఫు దేశములకో కూలికి పోయిరి. 2018 అక్టోబరున తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టము చేసిన పిమ్మట పోయినవారు ఇంకను ఎక్కువ. తల్లిదండ్రులను చూచుచున్నాడని కీర్తి కొడుకునకు, మలమూత్రములెత్తు పని కోడలికి. ఆమెకు ఆ పనిని ఎవ్వరు నేర్పిరి? మేక పెంపకమునకును, కుట్టుపనికిని శిక్షణ గలదు. మతి తప్పిన మనిషిని కనిపెట్టి యుండుట మాత్రము ఆడుదానికి పుట్టుకతో వచ్చునని మన నమ్మకము.

నేర్పిన నేమగునో గోవాలో చూచిరి. అమిత్ డయాస్ మొదలగు వైద్యులు అచ్చటి 81 కుటుంబములను రెండుభాగములు చేసి, ఒక భాగమువారి యిండ్లకు ఆరునెలలు గృహసంరక్షణ సలహాదారులను పంపిరి. వీరు వైద్యులు గారు. శిక్షణ పొందిన స్థానికులు. వ్యాధి యేమియో విప్పిచెప్పుట, రోగితో నెట్లు మాటలాడవలెనో చూపుట, అలసిన గృహిణి గోడు వినుట, అవసరమైనప్పుడు వైద్యునికి తెలుపుట, ఇంతియే వారి పని. 2008లో ఫలితములు ప్రకటింపబడినవి. రోగి రోగము చెప్పుకోదగినంత తగ్గలేదు. కనిపెట్టియుండు వారి మనోవ్యథ మాత్రము నిశ్చయముగ తగ్గినది. వైద్యుని వ్యయముతో గాక, పొరుగింటి యామె శిక్షణతో తగ్గినది!

ఈ యూర నింకొక చిక్కు గలదు. 2023 ఏప్రిలులో రేవునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట మూలపేట, విష్ణుచక్రము వాసులకు స్థలము మారవలసివచ్చినది. రేవు మంచిదా చెడ్డదా యను చర్చ మాది గాదు. స్మృతి సడలినవానికి అలవాటైన గడప, నూయి, కొబ్బరిచెట్టు ఇవియే మిగిలిన పుస్తకము. క్రొత్త యింటిలో వాడు దారి తప్పును. అట్టివాని గదిలో పాతమంచమును, పాత దేవుని పటమును ఉన్నవి ఉన్నట్లే పెట్టుడు. మెడలోనో చేతికో ఊరిపేరును, ఫోను అంకెయు వ్రాసిన బిళ్ల కట్టుడు. పరిహారధనము చేతికి వచ్చిన యిండ్లవారికి చేదైన మాట యొకటి: మతి లేని తల్లిచేత వేలిముద్ర వేయించుకొనుట మన కులమున లేదని ప్రమాణము చేయగలమా? స్వస్థచిత్తము లేనివాని ఒప్పందము 1872 నాటి కాంట్రాక్టు చట్టము ముందు నిలువదు. తల్లిదండ్రుల పోషణ విడిచినవారిపై 2007 చట్టము క్రింద రెవిన్యూ డివిజనల్ అధికారి యొద్ద అర్జీ పెట్టుకొనవచ్చును. పెద్దలు న్యాయము చెప్పుటకు గూర్చున్నప్పుడు ఈ రెండును జ్ఞాపకముంచుకొనవలెను.

కల్యాణమండపమునకు రెండవ యంతస్తు వేయవలెనని నేటి కార్యక్రమములో నున్నది. మేమెదురు చెప్పము; ఒక యేడు ఆగుమని మాత్రము ప్రార్థించుచున్నాము. ఆ ధనములో కొంత తీసి, ఊరికిద్దరు చొప్పున పదవతరగతి చదివిన స్త్రీలను, మగవారు ముందుకు వచ్చినచో వారినిగూడ, ఎన్నుకొని, శ్రీకాకుళములోని వైద్యకళాశాల వారి నడిగి శిక్షణ నిప్పింపవలెను. వారికి నెలజీతము సంఘమే యీయవలెను. సేవయను పేరిట ఉచితముగ చేయింపరాదు. స్మృతిరోగుల కుటుంబములకై 1992లో కేరళమున పుట్టిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీకి హైదరాబాదున శాఖ గలదు; వారికి మేము జాబు వ్రాసెదము. వారమున కొక దినము సంఘభవనపు వరండాలో అట్టి వృద్ధులను కూర్చుండబెట్టినచో, ఆ దినము వారి యింటియాడువారు ఒక కునుకు తీయగలరు, ఆసుపత్రికి పోగలరు, పుట్టింటికి పోగలరు.

తీర్మానమును వ్రాసి అధ్యక్షులవారి చేతికిచ్చితిమి. అందు మూడవ వాక్యమును చదివి తప్పుపడినదని దిద్దబోకుడు. ఏ యూరనైనను ఎన్నుకొనబడిన యిద్దరిలో ఒకరికి తప్పక ఒడియా వచ్చియుండవలెను.