జిల్లేడు: దాని మందు, దాని పాలు



జిల్లేడు తెలియని గ్రామము తెలుగుదేశమున లేదు. బీళ్లయందును, పాడుగోడల ప్రక్కలను నీరు పోయువారు లేకయే పెరుగును. లిన్నేయసను శాస్త్రజ్ఞుడు 1753 సంవత్సరమున దీనిని 'అస్క్లిపియాస్' అను పాలమొక్కల జాతియందు చేర్చెను; తరువాతివారు 'కేలోట్రోపిస్' అను వేరుజాతిగా నేర్పరచిరి. సంస్కృతమున దీనికి అర్కమని పేరు. సూర్యునకును ఆ పేరే.

ఆకునకు ఆముదము రాసి, నిప్పుసెగను వెచ్చజేసి, వాచిన మోకాళ్లకు కట్టుట మన యిండ్లలో ప్రాతవైద్యము. ఆ వెచ్చదనము నొప్పికి కొంత ఉపశమనము నిచ్చును. పుండు లేని చర్మముపై జాగ్రత్తతో కట్టినచో దీనిని మాన్పింప బనిలేదు. వేరుపట్ట పొడిని జిగట విరేచనములకు ఇచ్చుచుండిరి. 1868లో వెలువడిన భారతదేశపు ఔషధసంహితయందు సైతము 'ముదార్' అను పేర నీ పట్ట చోటుచేసికొనెను. ఆ గౌరవమును జూచి యెవరును ఇంట నూరి త్రాగరాదు. ఈ మొక్కయందు గుండెను దెబ్బతీయు కేలోట్రోపిన్ మొదలగు విషములున్నవి. గర్భస్రావమునకై దీనిని వాడి ప్రాణములు గోల్పోయిన స్త్రీలును గలరు.

ఇక పాలు. ముల్లు విరిగినచోటను, తేలు కుట్టినచోటను వీనిని వేయుట వాడుక. ఒంటికి తగిలిన పొక్కునని అందరెరుగుదురు. కంటి సంగతి మాత్రము ఎరిగినవారు తక్కువ. పాలంటిన చేతితో కన్ను నులుముకొన్నవానికి నొప్పి యంతగా తెలియదు. కొలది గంటలలో చూపు మంచు పట్టినట్లగును. పాలు నల్లగ్రుడ్డుపైనుండు తేటపొరలోనికి జొచ్చి, దాని లోపలి కణములను జెరచి, పొరను ఉబ్బజేయును. నొప్పి లేదుగదా యని రోగి రెండుమూడు దినములు ఊరకుండును. మోసమంతయు నిచటనే యున్నది. వేళకు వైద్యము దొరకినచో పెక్కుమందికి చూపు మరల వచ్చును గాని, చెడిన కణములు తిరిగి పుట్టవు.

రథసప్తమినాడు జిల్లేడాకులను తలపై నుంచుకొని స్నానము చేయువారు, త్రుంచిన తొడిమలను ముందుగా కడిగి, పాలు కారుట ఆగినపిమ్మట వాడుట మేలు. ఆచారమునకు దీనివలన లోపము లేదు. వినాయకునకు జిల్లేడుపూల మాలలు గట్టువారికిని ఇదే హెచ్చరిక వర్తించును.

పాలు కంటబడినయెడల రెప్పలు విప్పి, శుభ్రమైన నీటితో కనీసము 15 నిమిషములు ధారగా కడుగవలెను. చనుబాలు గాని, ఆముదము గాని, పసరు గాని పోయరాదు. నొప్పి యున్నను లేకున్నను ఆనాడే వైద్యశాలకు పంపవలెను. ఈ మాట స్నానఘట్టములయొద్దను, సంతలయందును పండుగకు ముందే చాటింపు వేయింపదగును.

వీధుల ప్రక్కల పొదలు గొట్టించునపుడు, జిల్లేడు నరుకు పనివారి చేతులు కడుగుటకు నీళ్లును సబ్బును పనిచోటనే యుంచవలెను.