చలిని చూడండి, ఆ తర్వాతే మందు చెప్పండి

వ్యవసాయ పట్టాలు అందుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మనసారా అభినందనలు.

మంజీర ఒడ్డున, బీర్కూర్‌లో మాట్లాడుతున్నాను కాబట్టి యాసంగి వరి సంగతే చెబుతాను. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని మాగాణిగా మార్చింది. ఇక్కడ చలి ముదిరిందంటే రైతు అడిగే ప్రశ్న ఒకటే: "సారూ, నారు ఎర్రబడ్డది, ఎదుగుతలేదు. యూరియా చల్లాల్నా?" మీ చదువుకు అసలు పరీక్ష అక్కడే.

ముందు మడిలోకి దిగి మొక్క పీకి చూడండి. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలుండి, లేతాకు మొదట్లో ఈనె పాలిపోతే జింకు లోపం. మొక్క గిడసబారి, ఆకులు ముదురు ఆకుపచ్చగా నిటారుగా ఉంటే భాస్వరం లోపం. ఈ రెంటికీ యూరియా మందు కాదు. చలికి నేలలోని సూక్ష్మజీవులు మందగిస్తాయి, వేరు ఎదగదు, భాస్వరం వేరు దాకా చేరదు. సున్నం పాలు ఎక్కువున్న నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే జింకు మరీ అందదు. నేలలో పోషకం ఉండటం వేరు, పైరుకు అందటం వేరు.

ఉత్తరాది తరాయిలో వరిని దెబ్బతీసిన ఖైరా జబ్బుకు మూలం జింకు లోపమని 1960ల్లో పంత్‌నగర్‌లో తేల్చిన యశ్వంత్ నేనె తెగుళ్ల శాస్త్రవేత్త. తన శాస్త్రం పరిధిలోనే జవాబు వెతికి ఆగిపోలేదు. ఆ నిజాయితీ మీకూ కావాలి.

చలికి పోషకం పైరుకు అందని ఇదే కథ చలిదేశాల్లో ఇంకో రూపంలో నడుస్తోంది. అక్కడ మంచు నేలకు దుప్పటి. చలికాలం వెచ్చబడి మంచు తగ్గితే, కప్పు లేని నేల మరింత లోతుకు గడ్డకడుతుంది. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో మంచు తొలగించి చూస్తే వేళ్లు దెబ్బతిన్నాయి, నైట్రేటు కొట్టుకుపోయింది. కెనడా పొలాల్లో గడ్డకట్టిన నేల కరిగేటప్పుడు నత్రజని నైట్రస్ ఆక్సైడుగా ఎగిరిపోతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు. రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువు అటు పైరుకు అందకపోగా, ఇటు గాలికి కీడవుతోంది.

మన దగ్గర చేయాల్సింది కష్టమేమీ కాదు. రాత్రి చలి తీవ్రంగా ఉంటే నారుమడి మీద పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున్నే తీయించండి. చల్లబడ్డ నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టించండి. జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయించండి. దుక్కిలో ఎకరాకు 20 కిలోలు వేయించేటప్పుడు భాస్వరం ఎరువుతో కలపనివ్వకండి. అనుమానమొస్తే పక్కనే రుద్రూర్ పరిశోధన స్థానం ఉంది, వెళ్లి అడగండి.

చలికాలం తీరు మారుతున్నప్పుడు క్యాలెండరు చూసి సిఫార్సు చేస్తే కుదరదు. దుకాణం వాడు బస్తా అంటగట్టకముందే మీరు రైతు మడిలో ఉండాలి. భూసార పరీక్ష చేయించి, రాత్రి చలి ఎంతుందో కనుక్కొని, అప్పుడు నోరు విప్పండి. రైతు మీ మాట నమ్మి పెట్టే ప్రతి రూపాయికీ మీరే జవాబుదారీ. ఆ నమ్మకాన్ని నిలబెట్టండి. మీకు జయమగుగాక!