చెవిపోటు తగ్గిన తరువాత

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, నృత్యాలు, నాటికల నడుమ చెవిపోటు గురించి మాట్లాడడమేమిటని మీకు తోచవచ్చును. నేను డాక్టరును కాను. స్విండన్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతూ జీవితం గడిపినదానను. మా తాతగారు విశాఖ జిల్లా వదలి మలయా కొబ్బరి తోటలకు వెళ్ళినవారు. ఆ కుటుంబంలో నేను మూడవ తరం. ఇంట్లో విని నేర్చుకొన్న మాటలే నా తెలుగు. అక్షరాలు మాత్రం పెద్దయిన తరువాత సాయంకాలపు తరగతిలో దిద్దుకొన్నాను. పుస్తకాలు లేని మన ఇళ్ళలో ఈ భాష తరం నుండి తరానికి వచ్చింది చెవి ద్వారానే. కనుక పిల్లల చెవి సంగతి ఈ సభకు తగిన విషయమేనని నా మనవి.

ముందుగా చెవి ఎలా ఉంటుందో చూద్దాం. దానిని మూడు గదుల ఇల్లనుకోండి. మనకు కనిపించే రంధ్రం నుండి కర్ణభేరి వరకు మొదటి గది. కర్ణభేరి వెనుక గాలి నిండిన చిన్న గది మధ్య చెవి. అందులోని మూడు చిన్న ఎముకలు శబ్దాన్ని మూడవ గదికి, అంటే లోపలి చెవికి, అందిస్తాయి. మధ్య చెవికి గాలి వచ్చేది ముక్కు వెనుక నుండి, యూస్టేషియన్ నాళం అనే సన్నని గొట్టం గుండా. పెద్దలలో ఈ గొట్టం ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లలలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందువలన జలుబు చేసినప్పుడు అది త్వరగా మూసుకుపోతుంది. ముక్కులోని క్రిములు పైకి పాకి మధ్య చెవిలో చీము పట్టిస్తాయి. ఆ చీము కర్ణభేరిని నొక్కినప్పుడు పుట్టే నొప్పే మనం చెవిపోటు అనేది. మాటలు రాని బిడ్డ చెవి లాక్కుంటుంది, పాలు తాగదు, రాత్రంతా ఏడుస్తుంది.

అటువంటి రాత్రి మన అమ్మమ్మలు, నాయనమ్మలు వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసేవారు. వారి ప్రేమను నేను తప్పు పట్టను. కాని ఇంతకు ముందు చెప్పిన మూడు గదులను తలచుకోండి. చీము ఉన్నది కర్ణభేరికి వెనుక. నూనె ఆగిపోయేది కర్ణభేరికి ముందు. పైగా చీము ఒత్తిడికి కర్ణభేరి చిల్లు పడి ఉంటే ఆ నూనె లోపలికి దిగి కీడు చేస్తుంది. కాబట్టి డాక్టరు చూడకుండా నూనె గాని, చుక్కల మందు గాని చెవిలో వేయరాదు. పుల్లలు, దూది చుట్టిన కడ్డీలు పెట్టి తిప్పడం అసలే కూడదు.

మరి చేయవలసిందేమిటి? మొదటిది నొప్పి తగ్గించడం. వయసుకు తగిన మోతాదులో పారాసెటమాల్ గాని, ఐబుప్రోఫెన్ గాని ఇవ్వవచ్చును. మూడు నెలలు నిండని బిడ్డకు ఐబుప్రోఫెన్ ఇవ్వరాదు. 16 ఏళ్ళ లోపు పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. యాంటీబయాటిక్ లేకపోయినా పది మంది పిల్లలలో ఆరుగురికి 24 గంటలలోనే నొప్పి తగ్గిపోతుంది. ఎక్కువమందికి మూడు రోజులలో నయమవుతుంది, కొందరికి వారం పడుతుంది. అందుకే ఈ దేశంలో డాక్టర్లు చాలాసార్లు "కొద్ది రోజులు చూద్దాం" అంటారు. వెంటనే మందు రాయలేదని మన తల్లిదండ్రులు నొచ్చుకోవడం, ఇండియా నుండి తెచ్చుకున్న మాత్రలు పెట్టెలోంచి తీయడం నేనెరుగుదును. దయచేసి ఆ పని చేయకండి. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ విరేచనాలు తెస్తుంది, క్రిములను మొండివి చేస్తుంది, అవసరమైన రోజున పని చేయకుండా పోతుంది.

అయితే ఊరకే చూస్తూ కూర్చోకూడని సందర్భాలున్నవి. రెండేళ్ళ లోపు బిడ్డకు రెండు చెవులూ నొప్పి పెడుతున్నా, చెవి నుండి చీము కారుతున్నా, మూడు రోజులకు తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీలు గాని అంతకు మించి గాని ఉంటే ఆలస్యం చేయకూడదు. చెవి వెనుక ఎముక మీద వాపు, ఎరుపు వచ్చి చెవి ముందుకు తోసుకు వచ్చినా, మెడ బిగిసినా, ముఖం ఒక పక్కకు వాలినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే గ్రేట్ వెస్టర్న్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి. ఏం చేయాలో తోచకపోతే 111 నంబరుకు ఫోను చేయండి.

మనం ఉంటున్న ఈ ఊరు ఈ విషయంలో ఎంతో ముందున్న ఊరు. 1847లోనే ఇక్కడి రైల్వే కార్మికులు తమ కూలిలో కొంత సొమ్ము తీసి పెట్టి వైద్య నిధిని ఏర్పరచుకొన్నారు. 1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చే వరకు, నూరేళ్ళ పాటు, కుటుంబాలకు డాక్టరును, మందులను, ఆసుపత్రిని ఆ నిధే సమకూర్చింది. 2024 జనవరి 31 నుండి ఇంగ్లండులో మరొక సదుపాయం వచ్చింది. ఏడాది నిండిన పిల్లలకు, 17 ఏళ్ళ వరకు, చెవిపోటు వస్తే మందుల షాపులోని ఫార్మసిస్టే చెవి పరీక్షించి, అవసరమని తోస్తే మందు ఇవ్వవచ్చును. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఇంటికి వెళ్ళి పక్కవారికి కూడా చెప్పండి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇప్పుడు చెబుతాను. నొప్పి పోయింది, జ్వరం దిగింది, బిడ్డ ఆడుకుంటున్నది. ఇల్లంతా సంతోషం. కాని కొందరు పిల్లలలో కర్ణభేరి వెనుక జిగట నీరు మిగిలిపోతుంది. దీనినే ఇక్కడ గ్లూ ఇయర్ అంటారు. దీనికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. పదేళ్ళు నిండేలోపు పది మంది పిల్లలలో ఎనిమిది మందికి ఇది ఒకసారైనా వస్తుందని ఇక్కడి వైద్యుల అంచనా. చెవులలో వేళ్ళు పెట్టుకొని ఇతరుల మాటలు వినండి: ఆ పిల్లలకు లోకం అలా వినిపిస్తుంది. ఒక వారం బాగా వినిపిస్తుంది, మరొక వారం వినిపించదు. అందుచేత పెద్దలు దానిని పెంకితనం అనుకుంటారు. "పిలిస్తే పలకడు, టీవీ గట్టిగా పెడతాడు, తరగతిలో దిక్కులు చూస్తాడు" అంటారు. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో బాగానే ఉన్నాడు గదా అనుకుంటారు. ఆ పరీక్ష తరువాత వచ్చే ఈ నీటిని ముందుగా చెప్పలేదు.

ఇప్పుడు మన తెలుగును తలచుకోండి. వచ్చాను, వచ్చావు, వచ్చాడు: ఎవరు వచ్చిందీ తెలిసేది మాట చివరనే. వచ్చాడు, వచ్చాడా: ప్రశ్న తెలిసేది కూడా చివరనే. మాట చివరకు వచ్చేసరికి మన గొంతు తగ్గుతుంది. సరిగా వినపడని పిల్లవాడికి ముందుగా జారిపోయేది ఆ చివరి అక్షరమే. ఇంగ్లీషులోనయితే రోజంతా విన్న అలవాటుతో అర్థం ఊహించుకోగలడు. వారానికి రెండు గంటలు వినే తెలుగులో ఊహకు ఆధారమేది? వాడు మౌనంగా కూర్చుంటాడు. అప్పుడు ఇంట్లో ఒక నిర్ణయం జరుగుతుంది: "రెండు భాషలతో బిడ్డ తికమకపడుతున్నాడు, తెలుగు మానిపించేద్దాం." సాయంకాలపు తరగతిలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. మూడు తరాలు సముద్రాలు దాటి నిలుపుకొన్నది అక్కడ తెగిపోతుంది.

రెండు భాషలు నేర్చుకోవడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఇది పరిశోధకులు పదే పదే చూసి చెప్పిన విషయం. కనుక తెలుగు మానిపించే ముందు చెవి చూపించండి. డాక్టరును అడిగితే వినికిడి పరీక్షకు పంపుతారు. గ్లూ ఇయర్ అని తేలితే సాధారణంగా మూడు నెలలు వేచి చూస్తారు, ఎక్కువమందిలో అది తనంతట తానే పోతుంది. దీనికి యాంటీబయాటిక్‌లు, జలుబు మందులు పనికిరావు. తగ్గకపోతే కొంతకాలం వినికిడి యంత్రం పెడతారు, లేదా కర్ణభేరిలో గ్రోమెట్ అనే అతి చిన్న గొట్టం అమరుస్తారు. అది సాధారణంగా ఏడాదిలోపు తానే ఊడిపోతుంది.

ఈలోగా మనం చేయగలిగినవి కష్టమైనవి కావు. బిడ్డకు ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, తొందర లేకుండా మాట్లాడండి. టీవీ కట్టేసి మాట్లాడండి. ఉపాధ్యాయులకు చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టించండి. వంటగది నుండి కేకవేసి "వినలేదా?" అని కోప్పడకండి.

రాకుండా చూసుకొనే మార్గాలు కూడా కొన్ని ఉన్నవి. తల్లిపాలు ఎంతో రక్ష. సీసాపాలు పట్టేటప్పుడు బిడ్డ తల ఎత్తి పట్టుకోవాలి. సిగరెట్టు పొగ చెవిపోటును పెంచుతుంది. ఇంట్లో పొగ త్రాగరాదు. సాంబ్రాణి పొగ కూడా పసిబిడ్డ ముఖానికి దూరంగా ఉంచడమే మేలు. 2006 నుండి ఈ దేశంలో పసిపిల్లలకు వేస్తున్న న్యూమోకాకల్ టీకా చెవిపోటు తెచ్చే క్రిములలో కొన్నింటిని అడ్డుకుంటుంది. దానిని తప్పక వేయించండి.

సోదర సోదరీమణులారా, ఈ రాత్రి ఈ వేదిక మీద మన పిల్లలు పద్యాలు చదివారు, పాటలు పాడారు. పాడిన వారిని మనం మెచ్చుకున్నాం, అది న్యాయమే. పాడకుండా వెనుక కూర్చున్న పిల్లవాణ్ణి కూడా ఒకసారి చూడండి. వెనుకనుండి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరిగి చూడకపోతే కసరకండి, సోమవారం డాక్టరుకు ఫోను చేయండి.