పరువునష్టము - వాక్స్వాతంత్ర్యము

(విశాఖపట్టణము ద్వారకా నగరు పఠనాలయమున ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



మానధనునకు పరువు ప్రాణముకన్న నెక్కుడు. ఒక్క కల్లమాట వర్తకుని దివాలా తీయింపగలదు. ఒక కుటుంబమును వీథిపాలు చేయగలదు. కావున అపవాదునుండి పౌరుని గాపాడు శాసన ముండుట న్యాయమే. మన రాజ్యాంగముయొక్క 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యము నొసంగుచునే, పరువునష్టమును దానికొక హద్దుగా బేర్కొన్నది. ఇందు వివాదము లేదు. ఆ కవచమును నేడెవరు ధరించుచున్నా రనుటయే ప్రశ్న.

1860 నాటి శిక్షాస్మృతి పరాయి ప్రభుత్వము మనకు విధించినది. పరువునష్టమును నేరముగా జేసి, రెండేండ్లవఱకు ఖైదు విధింపవచ్చునని అందు వ్రాసిరి. ఇంగ్లాండు 2009లో శాసనముచేసి తన దేశమున నా నేరమును రద్దుపఱచుకొన్నది. మనమో, 2016లో సుప్రీముకోర్టు తీర్పుచే దానిని నిలుపుకొని, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 356వ సెక్షనుగా మఱల జేర్చుకొంటిమి. ఖైదునకు బదులు సమాజసేవ విధించు వీలు మాత్రము క్రొత్తది.

ఈ సెక్షను క్రింద వ్రాసినది నిజమైనంతమాత్రమున జాలదు. లోకహితమునకై వ్రాసితినని కూడ ఋజువు చేయవలయును. సామాన్యుడు తన పరువుకై తానే ఫిర్యాదుచేసి, తన సొమ్ముతో మేజిస్ట్రేటు కోర్టు మెట్లెక్కవలయును. మంత్రికిగాని యుద్యోగికిగాని అధికారకార్యములనుగూర్చి యపవాదు వచ్చెనేని, ప్రభుత్వానుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటరే నేరుగా సెషన్సు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును. వ్యయము ప్రజలది, మూయబడు నోరును ప్రజలదే!

మన రాష్ట్రముననే చూడుడు. 2007లో వెలువడిన 938వ జీ.వో. సమాచారశాఖ కమిషనరునకు, 2019 అక్టోబరు 30న వెలువడిన 2430వ జీ.వో. ఆయా శాఖల కార్యదర్శులకు, పత్రికలపై వ్యాజ్యములు నడపు నధికార మొసంగినవి. పాలించు పక్షము మాఱినను కోరిక మాఱలేదు. ప్రభుత్వము తన పరువునకై నష్టపరిహారపు దావా వేయరాదని 1994లో రాజగోపాల్ కేసున సుప్రీముకోర్టు చెప్పియేయున్నది. ప్రజాస్వామ్యము గొంతునులుముటకు రాజ్యము క్రిమినలు ఫిర్యాదులను వాడరాదని 2020లో మద్రాసు హైకోర్టు హెచ్చరించినది.

ఇది మనకు దూరపు మాట కాదు. 2020 మే 7న తెల్లవాఱుజామున ఎల్.జి. పాలిమర్సు ట్యాంకునుండి వెడలిన స్టైరీను వాయువు వేంకటాపురమున పండ్రెండుగురిని బలిగొన్నది. ట్యాంకు నిర్వహణము లోపభూయిష్ఠమని ప్రభుత్వసంఘము పిమ్మట తేల్చినది. ఆ మాటనే ముందుగా నొక పత్రిక వ్రాసియుండినచో? కంపెనీకిని పరువు కలదని శాసనమే యనుచున్నది. ఆ సంపాదకుడు ఋజువులకై కోర్టుల చుట్టు తిరుగుచుండెడివాడు.

కావున పరువునష్టము సివిలు కోర్టునకే పరిమితము కావలయును. ఉద్యోగులు తమ వ్యాజ్యములను తమ ఖర్చుపైననే నడుపుకొనవలయును. పత్రికలును విచారించి వ్రాయవలయును. నిందితుని సమాధానమును నిందవేసిన తావుననే ముద్రింపవలయును. తప్పని తేలినచో నాడే సవరింపవలయును. ఈ నియమమును మనము పాటింపనిచో, శాసనమును సడలింపుడని యడుగు ముఖము మనకుండదు.