ఫెర్ను మొక్కలకు పురుగుబాధ

ఫెర్ను మొక్క పువ్వు పూయదు, కాయ కాయదు. ఐనను వసారాలో నీడపట్టున నొక ఫెర్ను కుండీ యున్నచో మండువేసవియందు సైతము కంటికి చలువగా నుండును. అరకులోయవంటి కొండసీమలలో, చెట్లనీడను, వాగుల యొడ్డున తమంతట తాము పెరుగు జాతి మొక్కలివి. మన వైద్యులు హంసపది యని వాడు మూలికయు నీ జాతిలోనిదే. ఇట్టి మొక్క నింట పెంచువారు పురుగులను గుర్తించుట యెట్లు, పోగొట్టుట యెట్లు, రాకుండ కాపాడుట యెట్లు అను మూడు సంగతులను నేడు మనవి చేసెదను.

ముందుగా పురుగు కానిదానిని గూర్చి చెప్పవలసియున్నది. ఒకనాడు ఆకును త్రిప్పి చూడగా, అడుగున గోధుమరంగు పొక్కులు కనబడును. ఇది తెగుళ్ళలో నొకటియని తలచి, ఆకులన్నియు కత్తిరించువారును, ఘాటైన మందులు చల్లువారును గలరు. అవి తెగులు కావు. ఆ మొక్క సంతానము. పువ్వులేని ఫెర్ను ఆకుల యడుగున సిద్ధబీజములను పుట్టించి, ఆ పొడివలననే వంశమును నిలుపుకొనును.

మరి పురుగును, పొక్కును వేరుపరచుట యెట్లు? సిద్ధబీజముల పొక్కులు క్రమము తప్పవు. కొన్ని జాతులలో నడిమి యీనెకు ఇరుప్రక్కల పంక్తులుగా నుండును. పక్షిగూడు ఫెర్నులో ఏటవాలు గీతలుగా నుండును. హంసపదిలో ఆకు అంచు మడత క్రింద దాగియుండును. పురుగు కట్టు పొలుసు కట్టి క్రమము నెరుగదు. ఆకుపైన, అడుగున, కాడమీద, ఎచ్చట పడిన నచ్చట నంటుకొనును. గోటితో మెల్లగా గీకి చూడుడు. పక్వమైన పొక్కు పొడిగా రాలును. పొలుసు పురుగైనచో బిళ్ళవలె నూడివచ్చును. నలిపినచో తడి యంటును. ఒక చిన్న భూతద్దమున్నచో సందేహమే యుండదు.

ఇక నిజమైన శత్రువులను చూతము. పొలుసు పురుగులు వీనిలో ముఖ్యమైనవి. ఫెర్నులను విశేషముగా పట్టు నొక జాతిలో ఆడుపురుగు గోధుమవన్నె చిప్పవలె నుండును. మగపురుగుల పొలుసులు తెల్లగా, సన్నగా, ఆకుమీద కొబ్బరికోరు చల్లినట్లు కనబడును. పిండినల్లి దూదిపింజవలె కాడల మొదళ్ళలో దాగును. పేనుబంక లేతచిగుళ్ళను పీల్చి ముడుచుకొనిపోవునట్లు చేయును. పిండినల్లియు, పేనుబంకయు, కొన్నిజాతుల పొలుసు పురుగులును తియ్యని జిగటను విసర్జించును. దానికై చీమలు చేరును. దానిపై మసివంటి బూజు పట్టును. కావున చీమలబారు కుండీ నెక్కుచున్నచో, ఆకుల నొకసారి పరీక్షింపుడు. ఎర్రనల్లి పొడిగాలిలో హెచ్చును. ఆకు వన్నె తగ్గి సన్నని చుక్కలు పడును. రాత్రి ఆకులను కొరికి, వెండితీగవంటి జాడను విడుచునది నత్త. ఆకు కొనలు మాత్రమే యెండి గోధుమవన్నెకు తిరిగినచో, అది తరచుగా గాలిలో తేమ చాలనందువలన కలిగినదే గాని పురుగుపని కాదు.

చికిత్సలో మొదటిపని రోగియైన కుండీని వేరుచేయుట. మిక్కిలి చెడిన ఆకులను మొదటికి కోసి, సంచిలో కట్టి పారవేయవలెను. మిగిలిన ఆకులను రెండువైపుల నీటితో కడిగి, పొలుసులను మెత్తని కుంచెతో రాల్చవలెను. పిండినల్లిమీద స్పిరిటులో ముంచిన దూదిపుల్లను తాకించినచో అది చచ్చును. స్పిరిటు ఆకుపై పూయరాదు. పేనుబంకకు, నల్లికి లీటరు నీటిలో ఒక చెంచా మెత్తని ద్రవసబ్బు కలిపి చల్లవచ్చును. ఐతే ఫెర్ను ఆకు మిగుల సుకుమారమైనది. ముందొక ఆకుమీద ప్రయోగించి, రెండుదినములు వేచి, మాడకున్ననే తక్కినవానికి సాయంవేళ చల్లి, కొంతసేపటికి మంచినీటితో కడుగవలెను. నూనెమందులు హంసపదివంటి పలుచని ఆకులను మాడ్చును గనుక వానిని వాడకుండుటయే మేలు. పొలుసుక్రింది గ్రుడ్లు ఒక్కసారికి చావవు. వారమున కొకమారు మూడునాలుగు సార్లు ఈపని చేయవలెను. నత్తలకు ఉప్పు చల్లరాదు. ఉప్పు మొక్కనే చంపును. రాత్రి దీపము పట్టి యేరివేయుటయే సులభోపాయము. పంటపొలముల విషములను పిల్లలు తిరుగు వసారాలోనికి తేవలదు. ఒక కుండీ మొక్క కొరకు ఇంటివారి యారోగ్యమును పణము పెట్టుట తగునా?

నివారణకు ముఖ్యసూత్రము, క్రొత్తమొక్కను వెంటనే పాతవాని సరసన చేర్చకుండుట. 1829 ప్రాంతమున లండను నగరమున నథానియల్ వార్డు అను వైద్యుడు చిమ్మట కోశము నొకదానిని తడిమట్టితో గాజుసీసాలో నుంచి మూసెను. ఆ మట్టిలో నొక ఫెర్నును, గడ్డియు మొలచినవి. అంతకుముందు నగరపు పొగలో బ్రదుకని ఫెర్ను సీసాలో బ్రదికెను. దానినిబట్టి చేసిన గాజుపెట్టెలలో మొక్కలు సముద్రములు దాటినవి. వానితోపాటు పురుగులును దాటినవి. నేడు మనము పొరుగింటినుండి తెచ్చుకొను పిలకకును ఇదేనియమము. మూడువారములు దూరముగా నుంచి, వారమువారము ఆకులడుగు చూచి, పిమ్మట చేర్చుకొనవలెను. కుండీలను ఒకదానికొకటి తగులకుండ నెడముగా నుంచుడు. ఎండుటాకులను తీసివేయుడు. ఎరువు మితిమీరినచో లేతచిగురు విస్తారమై పేనుబంకకు విందగును. మట్టి తేమగా నుండవలెను గాని నీరు నిలువరాదు.

ఆకులన్నియు పాడైనను నిరాశ పడవలదు. పెక్కుజాతుల ఫెర్నులకు ప్రాణము మట్టిలోని దుంపకాండమున నుండును. ఆకులను మొదటికి కోసినను, తేమయు నీడయు నిచ్చి కాపాడినచో, మరల చుట్టచుట్టుకొన్న చిగుళ్ళు తలయెత్తును. పక్షిగూడు ఫెర్నునకు మాత్రము నడిబొడ్డును ముట్టరాదు. కత్తెర చేతబట్టుటకు ముందు ఆకును త్రిప్పి, అచ్చట నున్నది శత్రువో, సంతానమో తెలిసికొనుడు.