మన మేజర్ పద్మపాణి ఆచార్య

మేజర్ పద్మపాణి ఆచార్య మూలాలు ఒడిశావి, ఇల్లు మాత్రం మన హైదరాబాదే.

1999 జూన్ 28, కార్గిల్ యుద్ధం, ద్రాస్ సెక్టార్. 2వ రాజపుతానా రైఫిల్స్‌లో ఆయన కంపెనీ కమాండర్. ముందు నడిచిన ప్లాటూన్‌పై ఫిరంగి గుండ్లు పడి జవాన్లు కూలుతుంటే, వెనక ఉంచిన ప్లాటూన్‌ను తానే వెంటబెట్టుకుని నిటారు కొండ ఎక్కారు. పాకుతూ శత్రువుల బంకరు దాకా వెళ్లి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదల్లేని స్థితిలోనూ, తనను వదిలి ముందుకు సాగమని జవాన్లను ఆజ్ఞాపించి, తాను కాల్పులు ఆపలేదు. ఆ శత్రు స్థావరం మనకు దక్కింది, ఆయన దక్కలేదు. అప్పటికి భార్య గర్భవతి. కూతురి ముఖం ఆయన చూడనేలేదు.

మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ‘ఎల్‌ఓసీ కార్గిల్’ సినిమాలో నాగార్జున వేసిన పాత్ర ఈయనదే. నటుడు గుర్తుండి సైనికుణ్ణి మరిచిపోవడం న్యాయం కాదు. జూలై 26న, కార్గిల్ విజయ దివస్ నాడు, మీ పిల్లలకు ఆయన పేరు చెప్పండి.